కలయికకు అందరూ రావాలంటే: ఫారం దగ్గర్నుంచి బంతి భోజనం దాకా

మీరు అడిగింది ఇదీ: పాలకొల్లు దగ్గర మీ డిగ్రీ బ్యాచ్ వాళ్ళు సంక్రాంతి సెలవుల్లో పాతికేళ్ళ కలయిక పెట్టుకుంటున్నారు. పేర్ల నమోదు వెబ్‌సైట్లో, కార్యక్రమం ఫంక్షన్ హాల్లో, రాలేనివాళ్ళకి యూట్యూబ్‌లో లైవ్. బ్యాచ్‌లో ఒకతనికి చూపు పోయింది, ఒకావిడకి వినపడదు, ఇంకొకాయన పోలియో వల్ల వీల్‌చైర్లో తిరుగుతారు. ముగ్గురికీ ఒక్కో వాలంటీర్ని అప్పగిస్తే సరిపోతుందా, ఇంకేమన్నా చెయ్యాలా, డబ్బు మాత్రం పెద్దగా లేదు అన్నారు.

ముందు నా సంగతి రెండు ముక్కలు. నాకు రేచీకటితో మొదలై, ముప్ఫై దాటేసరికి చూపు పూర్తిగా పోయింది. రాజోలు దగ్గర ఉంటాను. తొమ్మిదేళ్ళుగా వెబ్‌సైట్లూ యాప్‌లూ పరీక్షించి, చూపులేనివాళ్ళకి ఎక్కడ పని ఆగిపోతోందో రాసివ్వడమే నా ఉద్యోగం. ఊళ్ళో సభలకీ పెళ్ళిళ్ళకీ ఏర్పాట్లు అడిగితే చెప్తుంటాను. చూపు సంగతి నాకు అనుభవం. వినికిడి, వీల్‌చైర్ల సంగతి స్నేహితుల దగ్గర తిట్లు తిని నేర్చుకున్నది.

వాలంటీర్లు సరిపోరండీ. ఉంటే మంచిదే, కాదనను. కానీ మన గోదారి జిల్లాల్లో సాయానికి కరువెప్పుడు? మర్యాద మన ఒంట్లోనే ఉంది. వీల్‌చైర్ కనపడగానే నలుగురు పరిగెత్తుకొచ్చి ఎత్తేస్తారు. నా స్నేహితుడొకడిని ఒక సన్మాన సభలో అలాగే కుర్చీతో సహా స్టేజీ ఎక్కించారు. శాలువా కప్పారు, ఫోటోలు తీశారు, చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత భోజనాలకి పిలుపొచ్చింది. ఎత్తిన నలుగురూ రెండో బంతిలో కూర్చున్నారు. వాడు నలభై నిమిషాలు స్టేజీ మీద ఒక్కడే, పూలదండ మెళ్ళో వేసుకుని, కుర్చీలు మడతపెట్టే కుర్రాళ్ళని చూస్తూ కూర్చున్నాడు. బాత్రూమ్‌కి వెళ్ళాలి, ఎవరిని కేకెయ్యాలో తెలీదు. 'ఎక్కించడానికి నలుగురున్నారు గానీ, దిగాలనుకుంటే దిగే దారి లేదే' అన్నాడు నాతో తర్వాత.

నేను ఏ ఏర్పాటు చూసినా ఇదే అడుగుతాను: ఈ మనిషి ఎవరినీ పిలవకుండా ఇది చేసుకోగలడా? రిజిస్ట్రేషన్ ఫారానికీ అదే ప్రశ్న, స్టేజీకీ అదే, అన్నానికీ అదే. ఎక్కడ 'చేసుకోలేడు' అని తేలితే అక్కడ ముందు ఏర్పాటు మార్చండి. మార్చలేని చోట మాత్రమే మనిషిని పెట్టండి.

ఇక ఫారం. కలయిక మొదలయ్యేది అక్కడే, మీరు అస్సలు అనుమానించని చోటు కూడా అదే. మామూలుగా ఏం జరుగుతుందో నాకు జరిగినదాంతోనే చెప్తాను. పోయినేడు ఒక సాహిత్య సభకి పేరు నమోదు చేసుకోవాలి. లింకు వచ్చింది, ఫోన్లో తెరిచాను. నా ఫోన్లో టాక్‌బ్యాక్ ఉంటుంది, అంటే తెర మీద వేలు పెట్టిన చోట ఏముందో చదివి వినిపిస్తుంది. వేలు పక్కకి జరిపాను: 'ఎడిట్ బాక్స్'. ఇంకోసారి: 'ఎడిట్ బాక్స్'. ఇంకోసారి: 'ఎడిట్ బాక్స్'. మొత్తం ఏడు పెట్టెలు. దేనికీ పేరు లేదు. పేరు ఎక్కడ రాయాలి, ఊరెక్కడ, ఫోన్ నంబరెక్కడ? చూసేవాళ్ళకి పెట్టెల పక్కన అక్షరాలు కనపడుతున్నాయట. ఆ అక్షరాలకీ పెట్టెకీ సంబంధం ఉందని కోడ్‌లో రాయలేదు, అంతే. అంచనా మీద నింపాను. మా నాన్నగారి పేరుండాల్సిన చోట నా ఫోన్ నంబరు పడిందని తర్వాత తెలిసింది.

అది దాటితే 'నేను రోబోను కాదు' అని టిక్కు, ఆ వెనకే ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలు ఎంచమని. నాకు ట్రాఫిక్ లైట్లు కనపడితే ఈ టాక్‌బ్యాక్ ఎందుకండీ? మేనల్లుడిని పిలిచాను. వాడు దొడ్లో కొబ్బరి దింపు దగ్గరున్నాడు. వచ్చి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, ఫోన్ అందుకునేసరికి ఓటీపీ గడువు అయిపోయింది. మళ్ళీ మొదట్నుంచి. ఏడు పెట్టెలూ ఖాళీ.

ఆ సభకి నేను వెళ్ళలేదు. నిర్వాహకులు చాలా మంచివాళ్ళు, ముందే ఫోన్ చేసి ఉంటే కారు పంపేవాళ్ళు. కానీ ఫారం దగ్గరే నాకు విసుగొచ్చేసింది. మీ స్నేహితుడు కూడా 'పనుందిరా, రాలేను' అని మెసేజ్ పెడతాడు. అసలు కారణం చెప్పడు. మీరూ నిజమే అనుకుంటారు.

కాబట్టి ఫారాన్ని ఎంత సాదాగా ఉంచితే అంత మేలు. వెబ్ డిజైనర్ చేతికిచ్చి అందంగా చేయించే బదులు గూగుల్ ఫారం పెట్టండి. అందులో ప్రతి పెట్టెకీ పేరు దానంతటదే అతుక్కుని ఉంటుంది, టాక్‌బ్యాక్ చదువుతుంది, పైసా ఖర్చు లేదు. సొంత వెబ్‌సైటే కావాలంటే డిజైనర్ని ఒక్క మాట అడగండి: 'డబ్ల్యూసీఏజీ 2.2, డబుల్ ఏ స్థాయి ఉండాలి' అని. డబ్ల్యూ3సీ అనే సంస్థ వెబ్‌సైట్ల కోసం పెట్టిన నియమాలవి. మొదటిది 1999లో వచ్చింది, ఇప్పుడున్నది 2023 అక్టోబరులో. ఆ మాట విని డిజైనర్ తెల్లమొహం వేస్తే గూగుల్ ఫారమే మంచిదని మీకు తేలిపోతుంది.

చందా కట్టడానికి క్యూఆర్ కోడ్ ఒక్కటే పెట్టకండి. తన ఫోన్లో వచ్చిన క్యూఆర్‌ని తన ఫోన్‌తోనే స్కాన్ చెయ్యడం చూపున్నవాళ్ళకే తలనొప్పి. పక్కన యూపీఐ ఐడీ అక్షరాల్లో రాయండి, కాపీ చేసుకుంటాం. రసీదు కూడా బొమ్మగా కాకుండా మెసేజ్‌గా పంపండి.

ఆహ్వానం సంగతి ఇంకా పెద్దది, ఎందుకంటే ఇది మన భాషల్లో తరచూ వచ్చే చిక్కు. మీరు డీటీపీ సెంటర్‌కి వెళ్తారు. అతను అను ఫాంట్లలో కొడతాడు. అచ్చులో చక్కగా ఉంటుంది, అవి అచ్చు కోసం చేసినవే. కానీ అక్కడ కంప్యూటర్ లోపల ఉన్నది తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలకీ గుర్తులకీ తెలుగు బొమ్మలు తొడిగారు. కంటికి 'ఆహ్వానం' అని కనపడేది నా కంప్యూటర్‌కి ఏవో గుర్తుల కుప్ప. ఎన్‌వీడీఏ దాన్ని 'డిగ్రీ, పౌండ్, కోట్, డబ్ల్యూ' అని చదువుతుంది. అన్నట్టు ఎన్‌వీడీఏ అంటే కంప్యూటర్లో తెర చదివే ఉచిత సాఫ్ట్‌వేర్. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని కుర్రాడు మొదలుపెట్టాడు. నా ఉద్యోగం దాని పుణ్యమే.

కాబట్టి డీటీపీ అతనికి గట్టిగా చెప్పండి, మేటరు యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్ లోపల కూడా తెలుగు అక్షరం తెలుగు అక్షరంగానే ఉండే పద్ధతిలో కావాలని. అతను ఒప్పుకోకపోతే అచ్చు కార్డు అతని దగ్గరే వేయించుకుని, వాట్సాప్‌లో పంపేది మాత్రం మీరే ఫోన్లో టైపు చెయ్యండి. గూగుల్ కీబోర్డ్‌లో తెలుగు కొడితే యూనికోడే వస్తుంది. ఆహ్వానం బొమ్మ గ్రూపులో పెట్టినప్పుడల్లా కిందనే అదే విషయం అక్షరాల్లో పెట్టండి: తేదీ, టైము, హాలు పేరు, దారి, ఎవరికి ఫోన్ చెయ్యాలి. బొమ్మ ఒక్కటే పెడితే నాకు వినపడేది 'ఫోటో' అన్న మాట మాత్రమే. మా చుట్టాల గ్రూపులో రోజుకి యాభై 'ఫోటో'లు వస్తాయి, అందులో పెళ్ళి ఏదో, కర్మకాండ ఏదో నాకెలా తెలుస్తుంది?

ఇంకో చిన్న బాధ కూడా చెప్పుకుంటాను. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయకండి. ఇంగ్లీషు గొంతు దాన్ని చదివే తీరు వింటే మీకు నవ్వొస్తుంది, నాకు ఏడుపొస్తుంది. దండాల గుర్తులు పదకొండు పెడితే పదకొండుసార్లూ 'ఫోల్డెడ్ హ్యాండ్స్, ఫోల్డెడ్ హ్యాండ్స్' అని చదువుతుంది. ఒక్క దండం చాలండీ, అందుతుంది.

రంగుల విషయంలో మీ బ్యాచ్ మొత్తానికీ లాభం ఉంది. పాతికేళ్ళ కలయిక అంటే అందరికీ చత్వారం మొదలైన వయసే, మీరు పిలిచే మాస్టార్ల సంగతి చెప్పక్కర్లేదు. ఎర్ర బ్యాక్‌గ్రౌండ్ మీద ఆకుపచ్చ అక్షరాలు, పసుపు మీద తెలుపు, వెనకాల కొబ్బరిచెట్ల ఫోటో, దాని మీద సన్నటి అక్షరాలు... వద్దు. అక్షరానికీ వెనక రంగుకీ తేడా కనీసం 4.5:1 ఉండాలని నియమం. ఆ లెక్క చూసి చెప్పే ఉచిత వెబ్‌సైట్లున్నాయి. అంత అక్కర్లేదు, ఫోన్ వెలుతురు బాగా తగ్గించి ఎండలో నిలబడి చదవండి. మీకు చదవడం కష్టమైతే మార్చండి.

అన్నీ తయారయ్యాక ఈ పరీక్ష తప్పకుండా చెయ్యండి, పది నిమిషాల పని. మీ ఆండ్రాయిడ్ ఫోన్లో సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్ళి టాక్‌బ్యాక్ ఆన్ చెయ్యండి. చెయ్యబోయే ముందు ఆఫ్ చెయ్యడం నేర్చుకోండి, లేకపోతే కంగారు పడి నాకు ఫోన్ చేస్తారు. దాని షార్ట్‌కట్ పెట్టుకుంటే రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవడమే. ఆన్ అయ్యాక తీరు మారిపోతుంది. ఒకసారి తాకితే చదువుతుంది, రెండుసార్లు తట్టితే నొక్కినట్టు. వేలు కుడివైపుకి గీస్తే తర్వాతి దానికి వెళ్తుంది. పేజీ జరపాలంటే రెండు వేళ్ళు. ఇప్పుడు కళ్ళు మూసుకుని మీ ఫారం మొదటి నుంచి చివరిదాకా నింపండి, డబ్బు కట్టేదాకా. ఎక్కడ 'అన్‌లేబుల్డ్' అని వినపడినా, ఎక్కడ మీరు దొంగతనంగా కన్ను తెరిచినా, అదే మీ స్నేహితుడు ఆగిపోయే చోటు. రాసుకోండి. ఐఫోన్ ఉన్నవాళ్ళు వాయిస్‌ఓవర్‌తో చూడొచ్చు. కంప్యూటర్లో అయితే మౌస్ పక్కన పెట్టేసి ట్యాబ్, ఎంటర్, స్పేస్, బాణం బటన్లతోనే ఫారం పూర్తి చెయ్యండి. చేతులు సరిగ్గా స్వాధీనంలో లేనివాళ్ళు వాడేది అలాగే.

ఇక హాలు. ఫోన్లో 'ర్యాంప్ ఉందా' అని అడిగితే ప్రతి హాలువాడూ 'ఉందండీ' అంటాడు. అది సరుకుల ట్రాలీ కోసం పోసిన నిట్రమైన సిమెంటు వాలు అయ్యుంటుంది. టేపు తీసుకుని స్వయంగా వెళ్ళండి. లెక్క సులువు: ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే 12 అడుగుల పొడవు వాలు ఉండాలి. గుమ్మం దగ్గర ఆరేసి అంగుళాల మెట్లు రెండున్నాయనుకోండి, అడుగు ఎత్తు, 12 అడుగుల ర్యాంప్. అంత దూరం వడ్రంగి చేత చెక్కలతో వేయించొచ్చు, పక్కన పట్టుకోవడానికి కమ్మీ, కింద జారకుండా గరుకు పట్టా. అదే స్టేజీ మూడడుగుల ఎత్తుంటే 36 అడుగుల ర్యాంప్ కావాలి. హాల్లో సగం దానికే పోతుంది. అందుకని స్టేజీ ఎక్కించే ఆలోచన మానుకోండి. కార్యక్రమం మొత్తం కింద, నేల మీదే పెట్టండి. మైకు కిందనే, సన్మానాలు కిందనే, ఫోటోలు కిందనే. ఆయనొక్కడే కింద ఉండి మిగతావాళ్ళంతా పైనుంటే అదేం కలయిక? మోకాళ్ళ నొప్పులతో వచ్చే మాస్టార్లు కూడా మీకు దండం పెడతారు.

తలుపు వెడల్పు 90 సెంటీమీటర్లు ఉందో లేదో కొలవండి. బాత్రూమ్ తలుపు మరీ ముఖ్యం. చాలా హాళ్ళలో బాత్రూమ్ ముందు ఒక గడప, లోపల ఇంకో మెట్టు, దాని మీద ఇండియన్ టాయిలెట్టు. అలాంటిదైతే పక్కనే ఉన్న ఇల్లో, లాడ్జిలో కింది గదో మాట్లాడి పెట్టుకోండి, ఆయనకి ముందే చెప్పండి. బాత్రూమ్ భయంతో పొద్దున్నుంచి మంచినీళ్ళు తాగకుండా ఫంక్షన్లకొచ్చేవాళ్ళు నాకు తెలుసు. ఈ సంగతి వాళ్ళు మీతో చెప్పరు.

ఆయన కోనసీమ వైపు నుంచి వస్తారా? సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే గోదారి దాటించే పెద్ద పడవ, ఎక్కి నర్సాపురం దిగితే దగ్గరే అని మనందరం అలవాటుగా చెప్పేస్తాం. ఆటుపోట్లని బట్టి రేవులో వాలు మారుతుంది. నీళ్ళు తగ్గినప్పుడు పంటు పలక మీద నుంచి వీల్‌చైర్ని ఎక్కించాలంటే మళ్ళీ ఆ నలుగురే దిక్కు. దిండి, చించినాడ వంతెన మీదుగా కారులో రమ్మనండి. ఇలాంటి దారి వివరం వెబ్‌సైట్లో అక్షరాల్లో రాయాలి. మ్యాప్ బొమ్మ పెట్టి వదిలెయ్యకూడదు. 'బస్టాండ్ నుంచి ఎన్ని మీటర్లు, కాలవ గట్టు ఏ చేతివైపు, గేటు దగ్గర మెట్లున్నాయా' అని రాస్తే నాకూ పనికొస్తుంది, ఆయనకీ పనికొస్తుంది, మొదటిసారి వచ్చే డ్రైవర్‌కీ పనికొస్తుంది.

వినపడని ఆవిడ విషయంలో జనం చేసే మొదటి పొరపాటు, వెంటనే సంజ్ఞల భాష మనిషి కోసం వెతకడం. ముందు ఆవిడకి మెసేజ్ పెట్టి అడగండి, ఏది సౌకర్యమని. మీతోపాటు తెలుగు మీడియంలో డిగ్రీ చదివారంటే చక్కగా చదవగలరు, బహుశా పెదాలు చూసి పోల్చుకుంటారు కూడా. ఆవిడకి భారతీయ సంజ్ఞా భాష రాకపోవచ్చు. అది తెలుగుని చేతులతో చెప్పడం కాదు, దాని వ్యాకరణం దానిది, విడిగా నేర్చుకోవాలి. ఢిల్లీలో 2015లో పెట్టిన జాతీయ సంస్థ పదివేల సంజ్ఞలతో వీడియో నిఘంటువు కూడా చేసింది. ఆవిడకి అది వస్తుందంటే ఇంటర్‌ప్రెటర్ని పిలవండి, కానీ ఇద్దరిని. ఒకరే మూడు గంటలు చెయ్యలేరు, ఇరవై నిమిషాలకోసారి మారుతుండాలి. నిలబడే చోట మొహం మీదా చేతుల మీదా వెలుతురు పడాలి. లైవ్‌లో మూల చిన్న గడిలో పెడితే వేళ్ళు కనపడవు, గడి పెద్దది పెట్టమనండి.

చదవడమే సౌకర్యం అంటే మీకు ఖర్చు దాదాపు లేదు. లైవ్ ట్రాన్స్‌క్రైబ్ అని గూగుల్ యాప్ ఉంది, 2019లో వచ్చింది. మాట్లాడుతుంటే తెలుగులో అక్షరాలు తెర మీద పరుగెడతాయి. ఆ ఫోన్ని మాట్లాడేవాళ్ళ ముందు పెట్టి, తెరని టీవీకి కలిపితే హాలంతా చదువుకోవచ్చు. తప్పులు పోతాయి, అది ఒప్పుకోవాలి. మొన్నొక సభలో 'చించినాడ' అన్న ఊరి పేరు 'చించినాడు' అని పడి, ఎవరేం చించారా అని కాసేపు నవ్వుకున్నారట. స్పీకర్ల మోత హాల్లో తిరిగి తిరిగి వస్తుంటే తప్పులు ఇంకా ఎక్కువవుతాయి, అందుకే ఫోన్ స్పీకర్ దగ్గర కాకుండా నోటి దగ్గరుండాలి. ముందురోజే హాల్లో ఒకసారి పరీక్ష చేసుకోండి. ఇంకా గట్టి ఏర్పాటు కావాలంటే వేగంగా తెలుగు కొట్టే మనిషిని లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టండి. మాట వేగాన్ని టైపింగు అందుకోలేదు, ముఖ్యమైనవి కొడితే చాలు. ఉపన్యాసాలు ముందే రాసుకున్నవాళ్ళ దగ్గర ఆ కాగితాలు తీసుకుని ఆవిడ ఫోన్‌కి పంపేస్తే సగం టెన్షన్ తీరిపోతుంది. మైకు పట్టుకున్నవాళ్ళు నోటికి అడ్డం పెట్టుకోకూడదు, అటు తిరిగి మాట్లాడకూడదు. ఆవిడ కుర్చీ ముందు వరసలో, మాట్లాడేవాళ్ళ మొహం కనపడేలా ఉండాలి. లైవ్ అయిపోయాక యూట్యూబ్ వీడియోకి తెలుగు క్యాప్షన్ల ఫైలు విడిగా ఎక్కించండి. అమెరికాలో ఉన్న మీ బ్యాచ్‌మేట్లు ఆఫీసులో సౌండ్ లేకుండా చూసుకోవడానికి కూడా అదే పనికొస్తుంది.

అన్నట్టు డీజే వద్దు. ఇది నా సొంత గోల అనుకోండి. నాకు మనుషుల్ని పోల్చుకోవడానికి ఉన్న ఆధారం గొంతు. హాల్లో డీజే పెడితే నాకు కరెంటు పోయినట్టే.

పాత ఫోటోల స్లైడ్ షో పెడతారు కదా, దాని దగ్గర కాస్త ఆగుతాను. చూపులేని మీ స్నేహితుడికి అది పావుగంట నిశ్శబ్దం. పక్కనున్నవాళ్ళు నవ్వుతుంటారు, 'ఏంట్రా, ఏంట్రా' అని అడగాలి, వాళ్ళు 'తర్వాత చెప్తా' అంటారు. రెండేళ్ళ క్రితం మా స్కూలు బ్యాచ్ కలిసినప్పుడు ఒకతను మైకు తీసుకుని, నా కోసమని, ఒక్కో ఫోటో చెప్పడం మొదలెట్టాడు. 'ఇది తొమ్మిదో తరగతి, బోరింగు పక్కన తీశారు. వెనక వరసలో ఎడమ నుంచి మూడోవాడు నేనే. చొక్కా గుండీ ఒకటి తప్పి పెట్టుకున్నాను, కాలరు ఓ పక్క చెవిదాకా వచ్చేసింది. డ్రిల్లు మాస్టారు కళ్ళు మూసుకున్నారు. మధ్యలో కూర్చున్న హెడ్‌మాస్టారి కాళ్ళ దగ్గర ఒక మేక ఉంది.' మేక! అందరూ ఆ ఫోటో ఇరవై ఏళ్ళుగా చూస్తున్నారు, మేకని ఎవరూ గమనించలేదు. హాలంతా లేచి తెర దగ్గరికి వెళ్ళింది. ఆ మేక ఎవరిదా అని అరగంట గొడవ. మీరూ ఒక వాచాలుడిని ఆ పనికి పెట్టండి, ప్రతి బ్యాచ్‌లో ఒకడుంటాడు.

భోజనం గురించి మీరు అడగలేదు, నేనే చెప్తున్నాను. బఫే వద్దు. ఒక చేతిలో ప్లేటు, ఇంకో చేతిలో కర్ర, గరిటె ఎక్కడుందో తెలీదు, వెనక క్యూ. వీల్‌చైర్లో ఉన్నవాళ్ళకి ఆ బల్ల గడ్డం దాకా వస్తుంది. మన బంతి భోజనం నాకు ఎంత సుఖమో చెప్పలేను. అరిటాకుకి ఒక పటం ఉంది. అన్నం ఇక్కడ, కూరలూ పచ్చళ్ళూ పై వరసలో, నెయ్యి ఎప్పుడొస్తుందో, పెరుగు ఎప్పుడొస్తుందో నాకు తెలుసు. వడ్డించేవాళ్ళు 'పనసపొట్టు కూరండీ' అని నోటితో చెప్తే చాలు, వేళ్ళు దారి చూసుకుంటాయి. వీల్‌చైర్ ఆయన కోసం బల్ల దగ్గర ఒక కుర్చీ తీసేసి ఖాళీ ఉంచండి. ఆ ఖాళీ మిగతావాళ్ళ పక్కనే ఉండాలి, చివర మూల కాదు.

'చట్టం ఏమంటుంది' అని కింద ఇంకెవరో అడిగారు. 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలుంటే ఇందులో 21. భవనాలతోపాటు వెబ్‌సైట్లూ సేవలూ అందుబాటులో ఉండాలని అందులోనే ఉంది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ చట్టం కింద పెట్టిన అందుబాటు నియమాలు సలహాల్లా ఉంటే కుదరదు, తప్పనిసరివి చెయ్యాలని కేంద్రానికి చెప్పింది. 2025 ఏప్రిల్ 30న ఇంకో తీర్పులో, డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమే అంది. ఆ కేసు కేవైసీలో, అంటే బ్యాంకులాంటివి మనిషెవరో నిర్ధారించుకునే పద్ధతిలో, కెమెరా ముందు రెప్ప వెయ్యమనే దగ్గర పుట్టింది. యాసిడ్ దాడిలో కళ్ళు దెబ్బతిన్నవాళ్ళు రెప్ప ఎలా వేస్తారు? మీ కలయిక మీద ఎవరూ కేసు వెయ్యరు లెండి. కానీ కాలేజీ వెబ్‌సైట్ మార్చమంటే 'ఒక్కడి కోసం ఎందుకు' అని ఎవరన్నా అంటే ఈ రెండు తీర్పులూ చెప్పండి.

ఇంకొకటి అడిగారు, దివ్యాంగులు అనాలా, వికలాంగులు అనాలా అని. ఆఫీసు కాగితాల్లో దివ్యాంగులు అంటున్నారు, మా వాళ్ళలో కొందరికి అది నచ్చుతుంది, కొందరికి చిరాకు. నాకైతే ఏదైనా ఒకటే. మీ ముగ్గురూ మీ క్లాస్‌మేట్లు, పాతికేళ్ళ కిందట ఏ పేరుతో పిలిచారో ఆ పేరుతోనే పిలవండి. అవతలివాళ్ళ గురించి వాలంటీర్ని అడక్కండి. 'సార్ కాఫీ తాగుతారా' అని నా పక్కనున్నవాళ్ళని అడిగేవాళ్ళున్నారు, అదీ నన్ను సార్ చేసేసి. నేరుగా అడగండి, ముందు మీ పేరు చెప్పి. 'నేనెవరో చెప్పుకో చూద్దాం' అని గొంతు మార్చి ఆటలాడేవాళ్ళు ప్రతి ఫంక్షన్లో ఒకరుంటారు, వాళ్ళని మాత్రం ఏ చట్టమూ ఏమీ చెయ్యలేదు.

టైము తక్కువుంది కాబట్టి ఏది ముందో చెప్తాను. ఈ వారం ముగ్గురికీ విడివిడిగా ఫోన్ చెయ్యండి, వినపడని ఆవిడకి మెసేజ్ పెట్టండి. 'మీకోసం ఇది చేస్తున్నాం' అనకుండా 'పోయినసారి ఎక్కడికన్నా వెళ్ళినప్పుడు ఏది ఇబ్బంది అయింది' అని అడగండి. నేను పైన రాసినవాటిలో సగం వాళ్ళకి అక్కర్లేకపోవచ్చు, నాకు తట్టనిది ఒకటి వాళ్ళే చెప్పొచ్చు. ఆ తర్వాత టేపు పట్టుకుని హాలుకి వెళ్ళండి, అడ్వాన్సు ఇవ్వకముందే.

ఫారం తయారయ్యాక లింకు ఇక్కడే పెట్టండి. ఆదివారం సాయంత్రం నాలుగు దాటాక టాక్‌బ్యాక్‌తో ఒకసారి నింపి చూసి ఎక్కడ ఆగిందో రాస్తాను. పొద్దున మాత్రం కుదరదు, మా దొడ్లో మళ్ళీ దింపు ఉంది.